పదహారు గాట్లు: తాండూరు నుంచి ఆబిడ్స్ దాకా

ఆబిడ్స్ వెళ్ళొచ్చిన వాళ్ళు మా తాండూరులో చెప్పుల గురించి చెబుతారు, చీరల గురించి చెబుతారు, ఫుట్‌పాత్ మీద బేరమాడి గెలిచిన సంగతి రెండింతలు చేసి చెబుతారు. నేను మొన్న వెళ్ళి వచ్చాను. ఒక చొక్కా గుడ్డ కూడా తేలేదు. నేను వెళ్ళింది ఒక తలానికి గాటు ఉందో లేదో కంప్యూటర్‌కు చూపించుకోవడానికి. భయపడుతూ వెళ్ళాను, అక్కడ ఇంకా ఎక్కువ భయపడ్డాను.

నేను బతుకంతా బండల అడ్డాలో, అంటే నేలకు పరిచే నాపరాళ్ళు అమ్మేచోట, గుమాస్తాగా పనిచేశాను. బడి చదువు ఏడో తరగతితో ఆగింది. తర్వాతి లెక్కలన్నీ ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద ఆదివారాలు కొన్న పాత పుస్తకాల్లోంచి నేర్చుకున్నవే. సమీకరణాలు గీసే ఆకారాలంటే నాకు మొదటి నుంచీ పిచ్చి. ఒక సమీకరణం రాస్తే ఒక తలం లేచి నిలబడుతుంది. అది ఎన్ని మితులది, అంటే పొడవు వెడల్పుల్లాంటి కొలతలు ఎన్ని, దాని మీద ఎక్కడైనా మొన తేలిందా, తనను తానే కోసుకుందా, లేక అంతటా నునుపేనా, ఇవే ఆ విద్యలో మొదటి ప్రశ్నలు. ఆ చెడ్డ చోట్లకు పుస్తకాల్లో పెద్ద పెద్ద పేర్లున్నాయి. నేను గాటు అంటాను. అడ్డాలో బండకైనా అదే మాట.

నేర్చుకున్నదంతా పిల్లల కోసం తెలుగులో చిన్న పుస్తకంగా రాశాను. నాంపల్లిలో యాదగిరి ప్రెస్‌లో అది అచ్చుకు సిద్ధంగా ఉంది. చివరి అధ్యాయంలో నా సొంత తలం ఉంది:

క⁴ + చ⁴ + ట⁴ + త⁴ = 40 క చ ట త

దీనికి ఎక్కడా గాటు లేదని నాలుగు వరుసల్లో నిరూపించాను. గాటు ఉన్న చోట నాలుగు అక్షరాల వైపు నుంచీ వాలు సున్నా కావాలి. అట్లా అయితే నాలుగు నాలుగో ఘాతాలూ సమానమై, ఒక్కొక్కటీ ఆ నాలుగు అక్షరాల లబ్ధానికి పది రెట్లు అవుతుంది. లబ్ధం సున్నా అయితే అక్షరాలన్నీ సున్నాలే, ఆ బిందువును ఈ విద్యలో లెక్కలోకి తీసుకోరు. లబ్ధం సున్నా కాకపోతే నాలుగింటినీ గుణించి రెండు వైపులా కొట్టేస్తే పదివేలు ఒకటికి సమానమని తేలుతుంది. అంటే 9999 సున్నా కావాలి. కాదు కనుక గాటు లేదు.

ఇంత తేలిక లెక్కను మళ్ళీ ఎవరికో చూపించడం ఎందుకంటే, ఈ మధ్య నా తల మీద నాకే అనుమానం వచ్చింది. పక్కింటి శీనును వాళ్ళ చనిపోయిన నాయిన పేరు పెట్టి పిలిచాను. గ్యాస్ తిప్పి, వెలిగించకుండా పేపర్ చదువుకుంటూ కూర్చున్నాను. మా ఆవిడ అనసూయ దవాఖానకు పొమ్మంది. అక్కడ డాక్టరు ఏమడుగుతాడో నాకు తెలుసు. ఈరోజు ఏ వారం, వందలోంచి ఏడు తియ్యి, మళ్ళీ ఏడు తియ్యి. వర్గమూలాలు నోటితో తీసినవాణ్ణి వందలోంచి ఏడు తియ్యమంటే నేను కూర్చోగలనా? నా పరీక్ష నేనే పెట్టుకున్నాను. ఆ నాలుగు వరుసలు నిలబడితే నా తల నిలబడినట్టు. లేకపోతే పుస్తకమూ లేదు, నేనూ లేను.

"దవాఖానకు పొమ్మంటే కంప్యూటర్ కాడికి పోతనంటవేంది" అంది అనసూయ. అని, గొడుగు పిడికి ఎర్ర గుడ్డ పీలిక కట్టి ఇచ్చింది. "గీ గొడుగన్న ఇంటికి తే. పోయిన వానకాలం రెండు పోగొట్టినవ్."

నాంపల్లి స్టేషన్

రైల్లో నా ఎదురుగా వికారాబాద్‌లో ఎక్కిన ఒకామె కూర్చుంది. ఒళ్ళో కరివేపాకు మూట. ఉడకబెట్టిన పల్లీలు దోసిట్లో పోసి, "ఏ దవాఖానకు తాతా?" అంది. నా వయసు వాళ్ళు పట్నం పోతున్నారంటే మా వైపు అదే ప్రశ్న.

"దవాఖానకు కాదమ్మా. లెక్క చూపించుకోవడానికి."

"బ్యాంకుల పైసలు పోయినయా?"

"కాదు. గణితం."

ఆమె కాసేపు నన్ను పరిశీలనగా చూసింది. "ఎవరన్న తోడు రాలేదా నీకు" అంది, ఇంకాసిని పల్లీలు పోస్తూ. నా జబ్బేమిటో ఆమెకు అర్థమైపోయినట్టుంది. నాంపల్లి వచ్చేదాకా ఆ పల్లీలు దోసిట్లోనే పెట్టుకుని కూర్చున్నాను.

స్టేషన్ బయట రోడ్డు దాటడానికి ఎంతసేపు నిలబడ్డానో చెప్పలేను. నెత్తి మీద మెట్రో, ఎదురుగా ఆటోలు. ఒకప్పుడు ఇదే రోడ్డు పుస్తకం చదువుకుంటూ దాటేవాణ్ణి. లాడ్జిలో ఆధార్ అడిగారు, ఫోన్ నంబర్ అడిగారు, "వెంట ఎవరున్నరు" అని అడిగారు. ఎవరూ లేరన్నాక కౌంటర్ మనిషి మొహం చిట్లించి తాళంచెవి ఇచ్చాడు. ముసలివాడు ఒంటరిగా గది తీసుకుంటే ఇప్పుడు అదొక నేరం.

ఆబిడ్స్, శనివారం

భాగ్య ఆబిడ్స్‌లో ఒక కాలేజీలో లెక్కల లెక్చరర్. వాళ్ళ నాయినా నేనూ ఒకే అడ్డాలో పనిచేశాం. ఆయన పోయాడు, ఆ పిల్ల నన్ను పెద్దనాయిన అనడం మానలేదు. పిల్ల అంటున్నాను గానీ నలభై దాటింది, చెంపలు నెరిశాయి. ఆమె గదిలో ఒక కంప్యూటర్, రెండు కుర్చీలు, కాలేజీ క్యాంటీన్ నుంచి తెప్పించిన ఉప్మా. ఉప్మాలో చక్కెర వేసుకుని తినే మనుషుల్ని అక్కడే చూశాను. పక్క గది సార్ తింటుంటే చూడలేక కిటికీ వైపు తిరిగాను.

ఈ తలాల లెక్కల కోసమే తయారైన సాఫ్ట్‌వేర్ ఒకటి ఉంది. అందులో బొమ్మలేమీ కనిపించవు. నల్లటి తెర మీద తెల్ల అక్షరాలు, అంతే. భాగ్య నా సమీకరణం కొట్టింది. ముందు మితి అడిగింది. తెర మీద 3 వచ్చింది.

"తలానికి రెండే కదా మితులు" అన్నాను.

"ఒకటి తీసెయ్యాలె పెద్దనాయినా. ఇది తలం ఒక్కదాన్నే లెక్కపెట్టదు. మూలబిందువు నుంచి తలం మీద ప్రతి చోటికీ గీతలు గీసుకుని, ఆ గీతల మోపు మొత్తాన్ని లెక్కపెడతది. గందుకే ఒకటి ఎక్కువొస్తది."

"ఆ సంగతి ముందే చెప్పాలా వద్దా?"

"చెప్తే నువ్వు నా చెయ్యి ఇంత గట్టిగ పట్టుకుంటుండెనా" అని నవ్వింది. అప్పుడు చూసుకున్నాను, ఆమె ముంజేయి పట్టుకుని ఉన్నాను.

తర్వాత అసలు ప్రశ్న. గాట్లు ఉన్న చోట్లన్నీ ఒక గుంపుగా చేసి, ఆ గుంపు మితి అడగాలి. సున్నా వచ్చి, ఒకటి తీసేస్తే మైనస్ ఒకటి కావాలి. మైనస్ ఒకటి అంటే గాటే లేదని. తెర మీద 1 వచ్చింది. ఒకటి తీసేస్తే సున్నా. సున్నా మితి అంటే చుక్కలు. అంటే ఉన్నాయి.

భాగ్య నవ్వలేదు. ఇంకేదో కొట్టింది. "పదహారు చోట్ల ఉన్నయ్ పెద్దనాయినా" అంది మెల్లగా.

నా నాలుగు వరుసలు ఆమె ముందు పెట్టాను. ఆమె ఒకసారి చదివింది, తల గీరుకుంది, మళ్ళీ చదివింది. "తప్పు కనవడ్తలేదు. కానీ మిషిన్ అయితే ఉన్నయంటున్నది." గంట మోగింది, ఆమెకు క్లాసు ఉంది. "సోమారం మల్ల చూద్దాం. ఫికర్ చెయ్యకు" అంటూ వెళ్ళిపోయింది.

నిరూపణ పొడుగ్గా ఉంటే ఎక్కడో జారిందనుకోవచ్చు. నాలుగే వరుసలు. వాటిలో పదహారు గాట్లు పట్టేంత పొరపాటు ఉంది, అది నాకు కనిపించడం లేదు. గ్యాస్ పొయ్యి కూడా ఆ రోజు నాకు కనిపించలేదు.

యాదగిరి ప్రెస్

సాయంత్రం ప్రెస్‌కు వెళ్ళి అచ్చు ఆపమన్నాను. యాదగిరి పెళ్ళిపత్రికలు అచ్చువేసుకుంటున్నాడు. చాయ్ తెప్పించాడు. ఇప్పుడు ఇరానీ చాయ్ ఇరవై రూపాయలు, కప్పు మాత్రం ఒకప్పటి దాంట్లో సగం.

"ఏమైందన్నా?"

"చివరి అధ్యాయంలో పదహారు గాట్లు తేలాయి."

"అచ్చుతప్పులా? దిద్దుదాం తియ్యి."

"అచ్చుతప్పులు కావు. నా తప్పు."

యాదగిరి సిరా వేళ్ళు గుడ్డకు తుడుచుకుంటూ ఆలోచించాడు. "అన్నా, ఏమనుకోకు. గాట్లున్నయో లేవో పుస్తకం కొన్నోడు చూస్తడా? కవర్ మంచిగుంటే సాలు."

అబద్ధం అచ్చువేసి పిల్లల చేతిలో పెట్టమని ఇంత నిమ్మళంగా చెప్పగలిగే రోజులు వచ్చాయి. ఒకప్పుడు కంపోజిటర్లు అక్షరాలు పేరుస్తూ పేరుస్తూ రాసినవాడితో కొట్లాడేవాళ్ళు. చాయ్ సగం వదిలేసి లేచాను. నిజం చెప్పాలంటే కోపం యాదగిరి మీద కాదు.

ఆదివారం, ఫుట్‌పాత్

ఆదివారం ఆబిడ్స్‌లో దుకాణాల షట్టర్లు మూసి ఉంటాయి, వాటి ముందు పాత పుస్తకాలు పరుచుకుంటాయి. నా చదువంతా ఆ నేల మీదిదే. ఇప్పుడు కొన్నిచోట్ల త్రాసు పెట్టారు. అట్టపోయిన ఒక బీజగణితం తీసి ధర అడిగితే, కుర్రవాడు కాదు, యాభై ఏళ్ళ మనిషి, దాన్ని త్రాసులో వేశాడు. కిలో రెండు వందలట.

"బీజగణితం తూకానికి అమ్ముతారా?"

"నవలలు గూడ గంతే తాతా. మీది జర బరువెక్కువ, గంతే."

మామూలుగా అయితే అక్కడే నిలబడి ఆయనకు ఒక గంట బుద్ధి చెప్పేవాణ్ణి. ఆరోజు చెప్పలేదు. పుస్తకం కిందపెట్టేశాను. అందులో వాలుల అధ్యాయం ఎక్కడుంటుందో నాకు తెలుసు. తెరిస్తే అర్థం కాకపోతే ఎట్లా అని భయం.

చినుకులు పడ్డాయి. గొడుగు తెరిచి నాంపల్లి వైపు నడిచాను. దర్గా దగ్గరి సందుల్లో తిరిగి తిరిగి, ఒకచోట ఆగిపోయాను. నా లాడ్జి ఎటో తెలియలేదు. ఎటు చూసినా లాడ్జీలే, అన్నింటికీ ఒకటే రకం నీలం బోర్డులు. నా లాడ్జి పేరు గుర్తు చేసుకోబోయాను. రాలేదు. క, చ, ట, త గుర్తున్నాయి, నలభై గుర్తుంది, లాడ్జి పేరు లేదు. వానలో నిలబడి ఒక్కో బోర్డూ చదివాను, ఏదీ నాది అనిపించలేదు.

పూలచాదర్లు అమ్మే ఒక ముసలాయన నన్ను గమనించినట్టున్నాడు. "ఏం దేవులాడుతున్రు చాచా?"

"నేను దిగిన లాడ్జి."

"పేరేంది?"

అదే గుర్తు రావడం లేదన్నాను. ఆయన గట్టిగా నవ్వలేదు, జాలిపడలేదు. "జేబుల చెయ్ పెట్టుర్రి. తాళంచెవి బిళ్ళ మీద పేరుంటది. నేను గూడ మక్కా పోయినప్పుడు గట్లనే చేసిన, గాడ అన్నీ ఒక్క తీరే ఉంటయ్."

బిళ్ళ మీద పేరుంది. లాడ్జి ఆయన వెనకే ఉంది.

గదిలోకి వెళ్ళాలనిపించక, పక్కనే మూసిన దుకాణం మెట్టు మీద కూర్చున్నాను. మెట్టుకు పరిచింది తాండూరు బండ. చూడక్కర్లేదు, అరచేతికి తెలుస్తుంది. అలవాటుగా చెయ్యి దాని మీద తిరిగింది. మూల దగ్గర వేలు ఆగింది. చిన్న గాటు.

అడ్డాలో మాకొక పద్ధతి ఉండేది. బయటి నుంచి కొనడానికొచ్చిన వ్యాపారులు లారీకి ఎత్తించుకోబోతూ, ధర తగ్గించడానికి "మాల్ ఖరాబ్" అని ఒకటే గోల చేసేవాళ్ళు. మా సేటు వాదించేవాడు కాదు. సుద్దముక్క చేతికిచ్చి, "గాటెక్కడుందో వేలు పెట్టి, గీత గియ్యి" అనేవాడు. గీత పడితే ఆ బండ తీసేసేవాడు. గియ్యలేకపోతే ఇంక మాట లేదు. బండ బాగాలేదని ఊరికే అనే హక్కు మా అడ్డాలో ఎవరికీ లేదు.

ఆ మిషిన్‌కు నేను సుద్దముక్క ఇవ్వలేదు. పదహారు అనగానే ఒప్పేసుకుని వచ్చేశాను.

మళ్ళీ ఆబిడ్స్

సోమవారం వాన పెద్దదయింది. భాగ్య గదిలో అడుగుపెడుతూనే, కారుతున్న గొడుగును కిటికీ ఊచకు తగిలించి చెప్పాను. "ఆ పదహారింటిలో ఒక్కటి చూపించమను. అంకెల్లో. వేలు పెట్టాలి."

"గదెంత సేపు" అంటూ కొట్టింది. తెర నిండా వరుసలు వచ్చాయి. ఒకటి చదివి వినిపించింది. "క ఒకటి, చ ఒకటి, ట ఒకటి, త తొంభై ఒకటి."

కాగితం తీసుకున్నాను. కుడివైపు తేలిక: నలభై తొంభై ఒకట్లు, మూడు వేల ఆరు వందల నలభై. ఎడమవైపు తొంభై ఒకటి నాలుగో ఘాతం. రెండుసార్లు వర్గం చేశాను. నా మీద నమ్మకం లేక మళ్ళీ చేశాను. ఆరు కోట్ల ఎనభై అయిదు లక్షలు దాటింది.

"భాగ్యా, ఇది చూడమ్మా. ఆ బిందువు దగ్గర గాటు సంగతి తర్వాత. అసలది నా తలం మీదే లేదు. వీడు పక్క అడ్డా బండ మీద గీత గీశాడు."

భాగ్య కాగితం చూసింది, తెర చూసింది, తెరను పైకి జరుపుకుంటూ మొట్టమొదటి వరుస దాకా పోయింది. అక్కడ ఆగిపోయింది.

"నూట ఒకటి పెట్టిన" అంది.

ఆమె చెప్పింది ఇదీ. ఈ సాఫ్ట్‌వేర్‌లో మామూలు అంకెలతో లెక్క చేస్తే ఒక్కోసారి చాంతాడంత పెరిగిపోతాయి. అందుకని ఒక ప్రధాన సంఖ్య తీసుకుని, గడియారంలో పన్నెండు దాటగానే మళ్ళీ మొదటికి వచ్చినట్టు, ఆ సంఖ్య దగ్గర సున్నాకు తిప్పేస్తారు. లెక్క జల్ది తేలుతుంది. ఆ చిన్న గడియారంలో నునుపని తేలితే అసలు లెక్కలోనూ నునుపే. గాటుందని తేలితే మాత్రం ఏమీ రుజువైనట్టు కాదు. గడియారం మార్చి చూడాలి.

"అయితే నూట ఒకటే ఎందుకు?"

"అందరు గదే పెడతరు పెద్దనాయినా. మాకు నేర్పినోళ్ళు గదే పెట్టిన్రు, నేను పిల్లలకు గదే పెట్టి నేర్పుతున్న. చేతికి అలవాటైంది."

మా వైపు పెండ్లిలో నూట పదహార్లు చదివిస్తాం. బేగం బజార్ సేట్లు నూట ఒకటి చదివిస్తారు. ఎందుకని అడిగితే ఇద్దరూ చెప్పలేరు. ఇంత చదివిన వాళ్ళది కూడా అదే వరసా అని కోపం నషాళానికెక్కింది. ఆ కోపంలోనే నా నాలుగో వరుస కళ్ళముందు నిలబడింది. 9999 సున్నా కాదు కనుక గాటు లేదు.

"తొమ్మిది వేల తొమ్మిది వందల తొంభై తొమ్మిదిని నూట ఒకటితో భాగించు" అన్నాను.

ఆమె మిషిన్‌లో కొట్టలేదు, నోటితోనే చేసింది. "తొంభై తొమ్మిది. శేషం లేదు." అని నా వైపు తిరిగింది. "ఆ గడియారంల నీ తొమ్మిదులన్నీ సున్నా అయినయ్."

నా సమీకరణంలో నలభైకి బదులు ఇంకేదైనా తీసుకుని ఉంటే ఇంత భయం లేకపోయేది. పది రెట్లయితే లెక్క తేలిక అని నేను నలభై తీసుకున్నాను. జల్ది అవుతుందని ఆమె నూట ఒకటి తీసుకుంది. లోకంలో ఉన్న అన్ని సంఖ్యల్లో ఆ రెండూ ఆ బల్ల దగ్గర కలుసుకున్నాయి.

"ఇప్పుడు మామూలు అంకెలతో చెయ్యి" అన్నాను. అన్నాక భయం మళ్ళీ మొదలైంది. ఇప్పుడు కూడా ఒకటి వస్తే ఇంక అనడానికి ఏమీ ఉండదు. భాగ్య మొదటి వరుస మార్చింది. నేను తెర చూడలేక కిటికీ ఊచ చూస్తూ కూర్చున్నాను. ఎర్ర పీలిక నుంచి నీళ్ళు బొట్లు బొట్లుగా పడుతున్నాయి.

"సున్నా" అంది. "ఒకటి తీసేస్తే మైనస్ ఒకటి. ఒక్క గాటు లేదు పెద్దనాయినా."

మళ్ళీ ఒకసారి నూట ఒకటితో చేయించాను. మళ్ళీ పదహారు. మిషిన్ అబద్ధమాడలేదు. దాన్ని అడిగిన తలం వేరు.

"గడియారం మార్చి చూడాలని నేనే ఏటేటా పిల్లలకు చెప్త" అంది భాగ్య, లేస్తూ. "నేనే మర్చిపోయిన చూడు." మర్చిపోయేది నేనొక్కణ్ణే కాదని నాకు పెద్ద బరువు దింపుకున్నట్టయింది, ఆమె నొచ్చుకుంటుందని పైకి అనలేదు. బయట వాన వెలిసింది, దారిలో ప్రెస్‌లో ఆగి యాదగిరికి చెప్పాను, అచ్చువెయ్యి అని. నూట ఒకటి సంగతి చివర్లో ఒక పేజీ కలపమన్నాను. కవర్ గురించి అడగబోయాడు, వినకుండా రైలెక్కాను.

తాండూరు

అనసూయ జొన్నరొట్టె, పుంటికూర పెట్టి ఎదురుగా కూర్చుంది. "ఏమన్నది కంప్యూటర్?"

"మైనస్ ఒకటి."

ఆమె చేయి పళ్ళెం మీద ఆగిపోయింది. "తప్పినవా?"

"మైనస్ ఒకటి అంటే గాటు లేదని."

"లేకపోతే సున్నా అనాలె గదా."

"సున్నా అంటే ఉన్నట్టు."

"నీకన్న ఆ మిషినే ఖరాబున్నట్టున్నది" అని నవ్వింది. ఆ నవ్వు చూసి చాలా రోజులైంది. నవ్వుతూనే తలుపు మూల వైపు చూసింది, తర్వాత నా సంచి వైపు. "గొడుగేది?"

ముద్ద చేతిలో ఉండిపోయింది. రైల్లో ఉందా? ప్రెస్‌లో వదిలానా? అనసూయ నవ్వు పోయింది. కళ్ళు మూసుకున్నాను.

"భాగ్య గదిలో, కిటికీకి ఎడమవైపు ఊచకు తగిలించి ఉంది" అన్నాను. అని, ఎంగిలి చేత్తోనే ఫోన్ తీసుకున్నాను. అనసూయ లేచి వచ్చి నా భుజం దగ్గర నిలబడింది. భాగ్య ఇంకా కాలేజీలోనే ఉందట. చూసి చెప్తా ఉండు అంది. ఫోన్‌లో ఆమె చెప్పుల చప్పుడు, తాళం తీస్తున్న చప్పుడు. పొద్దున తెర మీద సున్నా వచ్చేదాకా కూడా నేను అంత బిగబట్టుకుని కూర్చోలేదు.

"ఔ పెద్దనాయినా" అంది. "ఎడమ ఊచకే ఉన్నది. ఎర్ర పీలిక ఇంక ఆరలేదు."